సర్వర్లు ఇరవై, విస్తళ్లు రెండు వేలు

మన వైపు హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే అతన్ని ఏమని పిలుస్తాం? సర్వర్. ఇంజినీరింగ్ లో చేరాక ఆ మాట వినగానే ఏసీ గదిలో లైట్లు మిణుకుమిణుకుమనే నల్ల డబ్బాలు గుర్తొస్తున్నాయి గానీ, నన్నడిగితే హోటల్ అర్థమే కరెక్ట్. ముఖ్యంగా ఒరాకిల్ డేటాబేస్ విషయంలో. అక్కడ "సర్వర్ ప్రాసెస్" చేసేది అచ్చంగా అదే పని. మనం అడిగింది వినడం, లోపలికెళ్లడం, తెచ్చి మన ముందు పెట్టడం.

డీబీఎంఎస్ సబ్జెక్ట్ లో నార్మలైజేషన్ గురించి బోలెడంత చదువుతాం. ఈఆర్ డయాగ్రామ్ లు గీసి గీసి చెయ్యి నొప్పి పుడుతుంది. కానీ అప్లికేషన్ వెళ్లి డేటాబేస్ కి కనెక్ట్ అయ్యే చోట మాత్రం బోర్డు మీద ఒక బాణం గుర్తు గీసి ముందుకెళ్లిపోతాం. ఆ బాణం లోపల ఏముందో, దాన్ని రెండు రకాలుగా ఎలా అమర్చుకోవచ్చో చెప్పాలని ఈ వ్యాసం. ఒక రకం పేరు డెడికేటెడ్, రెండోది షేర్డ్. (మన క్లబ్ రూల్ ప్రకారం కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ లోనే కొట్టండి, లేకపోతే ఒరాకిల్ కి కోపం వస్తుంది.)

ఒక పెళ్లి భోజనం ఊహించుకోండి. బఫే కాదు, అసలైన బంతి భోజనం. అతిథులు వరసగా కూర్చున్నారు. ఇప్పుడు వడ్డించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ప్రతి అతిథి వెనక ఒక మనిషి నిలబడటం. మీకు పప్పు కావాలంటే వెంటనే వేస్తాడు. మీరు పక్కాయనతో రాజకీయాలు మాట్లాడుతూ పావుగంట ఏమీ అడగకపోయినా అక్కడే నిలబడి ఉంటాడు, వేరేవాళ్ల వైపు కూడా చూడడు. ఇది డెడికేటెడ్. రెండోది మనం మామూలుగా చూసేది. పది మంది కుర్రాళ్లు వంద మంది మధ్య తిరుగుతుంటారు. ఎవరు అడిగితే వాళ్లకి వేస్తారు, ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోతారు. ఇది షేర్డ్.

ఒరాకిల్ లో డిఫాల్ట్ గా వాడేది మొదటి పద్ధతి. క్లయింట్ వచ్చి 1521 పోర్ట్ దగ్గర తలుపు కొడుతుంది. అక్కడ లిజనర్ అని ఒకడుంటాడు, పెళ్లి గుమ్మం దగ్గర పన్నీరు చల్లే మనిషి లాగా. వాడు ఆపరేటింగ్ సిస్టమ్ లో ఒక కొత్త సర్వర్ ప్రాసెస్ ని పుట్టించి, ఈ క్లయింట్ ని దానికి అప్పజెప్పి పక్కకి తప్పుకుంటాడు. ఆ తర్వాత క్లయింట్ కి ఆ ప్రాసెస్ తోనే సంబంధం. కనెక్షన్ తెగేదాకా ఇద్దరూ కలిసే ఉంటారు.

దీంట్లో తప్పేముంది? చాలావరకు ఏమీ లేదు. వేగంగా ఉంటుంది, ఏదైనా తేడా వస్తే కనిపెట్టడం తేలిక. కానీ ఒక లెక్క వేసి చూద్దాం. ఒక్కో ప్రాసెస్ 5 ఎంబీ మెమరీ తింటుంది అనుకుందాం. ఇది ఉదాహరణ కోసం నేను పెట్టిన అంకె, నిజంలో పనిని బట్టి మారుతుంది. 2000 మంది కనెక్ట్ అయితే 10,000 ఎంబీ, అంటే దాదాపు 10 జీబీ. వాళ్లలో చాలామంది ఆ క్షణంలో ఏం చేస్తున్నారు? స్క్రీన్ చూస్తున్నారు. ఫారంలో నాన్న పేరు టైప్ చేస్తున్నారు. ఫోన్ ఎత్తి మాట్లాడుతున్నారు. డేటాబేస్ దృష్టిలో కనెక్ట్ అయి ఉండటం వేరు, పని అడగటం వేరు. ఈ తేడా పట్టుకుంటే సగం అయిపోయినట్టే.

ఇంకో గొడవ కూడా ఉంది. మొత్తం ఎన్ని ప్రాసెస్ లు ఉండొచ్చో ప్రాసెసెస్ అనే పారామీటర్ లో ముందే చెప్పాలి. అది నిండిపోయాక వచ్చేవాళ్లకి తలుపు మూసేస్తుంది. ఓఆర్‌ఏ-00020, ప్రాసెస్ ల గరిష్ఠ సంఖ్య దాటింది అని. సరే, పెంచేద్దాం అంటారా? ప్రాసెసెస్ స్టాటిక్ పారామీటర్. మార్చాలంటే డేటాబేస్ ని ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. అప్లికేషన్లకి ఆఖరి తేదీ, రాత్రి 11 గంటలు, లోపల 2000 మంది ఉన్నారు. ఆ టైంలో ఎవరు ధైర్యం చేస్తారు?

ఆఖరి తేదీ ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. పోయినేడాది మా అక్క ఒక ఉద్యోగానికి ఆన్‌లైన్ లో అప్లై చేసింది. సర్టిఫికెట్ ఒకటి చేతికి రావడం లేటయి, చివరి రాత్రి దాకా ఆగాల్సి వచ్చింది. ఫీజు కట్ అయింది, సబ్మిట్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. 12 దాటాక పేజీ మూసుకుపోయింది. డబ్బులు కొన్నాళ్లకి వెనక్కి వచ్చాయి. ఆ ఏడాది అవకాశం రాలేదు. ఆ పోర్టల్ పేరు ఇక్కడ అనవసరం, దానికి కారణం వంద ఉండొచ్చు. కానీ అప్పట్నుంచి "సర్వర్ బిజీ" అన్న మెసేజ్ చూస్తే నాకు జోక్ లా అనిపించడం మానేసింది. రేపు ఉద్యోగాల్లో చేరాక ఇలాంటి పోర్టల్ వెనక కూర్చునేది మనలో కొందరమే కదా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు రెండో పద్ధతిలోకి వెళ్దాం. 1992లో వచ్చిన ఒరాకిల్ 7 లోనే ఇది ఉంది, అప్పటి పేరు మల్టీ థ్రెడెడ్ సర్వర్. 2001లో 9ఐ వచ్చినప్పుడు షేర్డ్ సర్వర్ అని పేరు మార్చారు. పాత పేరు కన్నా ఇదే నయం, చేసే పని పేరులోనే ఉంది. ఆ రోజుల్లో ఆఫీసులో ప్రతి కంప్యూటర్ నుంచి నేరుగా డేటాబేస్ కి ఒక కనెక్షన్ వెళ్లేది. మెషీన్లలో మెమరీ చూస్తే చాలా తక్కువ. పుట్టిన కారణం అదే.

షేర్డ్ లో లిజనర్ కొత్త ప్రాసెస్ పుట్టించడు. డిస్పాచర్ అని కొందరుంటారు, వాళ్లలో ఎవరి మీద భారం తక్కువుందో చూసి అక్కడికి పంపిస్తాడు. డిస్పాచర్ చేతిలో గరిటె ఉండదు. "మూడో వరసలో అయిదో ఆయనకి సాంబారు" అని ఆర్డర్ వింటాడు, దాన్ని ఒక క్యూలో పెడతాడు, అంతే. ఒక్క డిస్పాచర్ కొన్ని వందల మందిని చూసుకోగలడు. ఆ రిక్వెస్ట్ క్యూ అందరికీ కలిపి ఒక్కటే. ఖాళీగా ఉన్న షేర్డ్ సర్వర్ ప్రాసెస్ క్యూలో ముందున్నదాన్ని తీసుకుని, పని పూర్తి చేసి, జవాబుని ఆ డిస్పాచర్ కి సంబంధించిన రెస్పాన్స్ క్యూలో వేస్తుంది. డిస్పాచర్ దాన్ని క్లయింట్ కి చేరుస్తాడు. మీ మొదటి క్వెరీ ఒక సర్వర్ చేసి ఉండొచ్చు, రెండోది ఇంకొకటి. మీకు తేడా తెలియదు.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. రాకపోతే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ప్రతిసారీ వేరే మనిషి వడ్డిస్తుంటే, నేను ఇంతకుముందు ఏం తిన్నానో, ఏది సగంలో ఉందో వాడికెలా తెలుస్తుంది? పెళ్లిలో దీనికి జవాబు విస్తరి. అది మీ ముందే, అందరికీ కనబడేలా ఉంటుంది. వచ్చినవాడు విస్తరి చూసి అర్థం చేసుకుంటాడు. ఒరాకిల్ లో ఆ విస్తరి పేరు యూజీఏ. మీ సెషన్ కి సంబంధించిన వివరాలు, ప్యాకేజ్ వేరియబుల్స్, తెరిచి ఉన్న కర్సర్ల స్థితి, అన్నీ అందులో ఉంటాయి. డెడికేటెడ్ లో యూజీఏ ఆ ప్రాసెస్ సొంత మెమరీ అయిన పీజీఏలో ఉంటుంది, అంటే విస్తరి వడ్డించేవాడి చేతిలోనే ఉన్నట్టు. షేర్డ్ లో అలా కుదరదు. అందుకని యూజీఏని అన్ని ప్రాసెస్ లూ చూడగలిగే ఎస్‌జీఏలోకి మారుస్తారు. అందులో లార్జ్ పూల్ అని ఒక భాగం ఉంటుంది, దానికి సైజు ఇచ్చి ఉంచితే విస్తళ్లు అక్కడ పరుచుకుంటాయి. ఇవ్వకపోతే షేర్డ్ పూల్ లో పరుచుకుంటాయి. ఎస్‌క్యూఎల్ ప్లాన్లు దాచుకునే చోటు అది, అక్కడ ఇరుకు చేస్తే అందరికీ ఇబ్బంది.

కాబట్టి "షేర్డ్ పెడితే మెమరీ అంతా మిగిలిపోతుంది" అనే మాట పూర్తిగా నిజం కాదు. వడ్డించేవాళ్లు తగ్గారు గానీ విస్తళ్లు తగ్గలేదు. 2000 మంది ఉంటే 2000 యూజీఏలు ఉండాల్సిందే. మిగిలేది ఒక్కో ప్రాసెస్ మోసే అదనపు బరువు, ఆపరేటింగ్ సిస్టమ్ కి తగ్గే తలనొప్పి.

మరి ఎంతమంది వడ్డించేవాళ్లు కావాలి? ఇది కూడా లెక్కే, ఇంటర్ లెక్కల కన్నా సులువు. 2000 మంది ఉన్నారు, ఒక్కొక్కరు 30 సెకన్లకి ఒకసారి ఏదో నొక్కుతున్నారు. అంటే సెకనుకి సుమారు 67 రిక్వెస్ట్ లు. ఒక్కోటి 0.1 సెకను తీసుకుంటే, సగటున ఏ క్షణంలో చూసినా 7 సర్వర్లు పనిలో ఉంటాయి. ఒక్కసారిగా రద్దీ వచ్చినప్పటి కోసం ఒక 20 పెట్టుకుందాం. 2000 ప్రాసెస్ ల బదులు 20! ఈ అంకె చూసినప్పుడే నాకు ఈ ఐడియా మీద ప్రేమ పుట్టింది.

ఇప్పుడు అదే లెక్కలో ఒక్క అంకె మార్చండి. ఆఖరి రాత్రి, భయంతో అందరూ 3 సెకన్లకోసారి రిఫ్రెష్ కొడుతున్నారు. 67 సర్వర్లు కావాలి. 20 చాలవు, క్యూ పెరుగుతూ పోతుంది. పోనీ రద్దీ మామూలుగానే ఉంది గానీ, ఒక్కో క్వెరీ 10 సెకన్లు తీసుకునే రిపోర్ట్ అనుకోండి. 670 సర్వర్లు పనిలో ఉండాలి. అప్పుడు ఇంక పంచుకోవడానికి మిగిలేదేం లేదు. మధ్యలో డిస్పాచర్, క్యూ అనవసరపు బరువు. చిన్న చిన్న పనులు, మధ్యలో పెద్ద పెద్ద విరామాలు ఉంటేనే షేర్డ్ బాగుంటుంది.

రెండు పద్ధతులూ దెబ్బతినే తీరు కూడా వేరు. డెడికేటెడ్ లో పరిమితి దాటాక వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు, లోపలున్నవాళ్ల భోజనం మాత్రం సాగుతుంది. షేర్డ్ లో చాలామంది లోపలికి రాగలుగుతారు, కానీ రద్దీ పెరిగితే అందరికీ ఆలస్యం అవుతుంది. ఏది మంచిది అని అడిగితే, అది టెక్నికల్ ప్రశ్న కాదు అనిపిస్తుంది నాకు. మా అక్కని అడిగితే ఆలస్యమైనా పర్వాలేదు, లోపలికి రానివ్వండి అంటుంది.

సెట్టింగ్స్ లోకి వద్దాం. సిస్‌డీబీఏగా లాగిన్ అయి, ఆల్టర్ సిస్టమ్ సెట్ షేర్డ్ సర్వర్స్ ఈక్వల్స్ 20 అని ఇస్తే చాలు, ఇరవై మంది సిద్ధం. వీళ్ల పేర్లు ఎస్000, ఎస్001 అలా ఉంటాయి. డిస్పాచర్లు డీ000, డీ001. డేటాబేస్ ఆపక్కర్లేదు, నడుస్తుండగానే మార్చొచ్చు, ప్రాసెసెస్ లాగా కాదు. డిస్పాచర్స్ పారామీటర్ లో ప్రోటోకాల్ టీసీపీ, సంఖ్య 2 లేదా 3 అని ఇస్తాం. 10జీ నుంచి అయితే డిస్పాచర్స్ అసలు ఇవ్వకుండా షేర్డ్ సర్వర్స్ కి సున్నా కన్నా పెద్ద అంకె ఇస్తే, ఒక టీసీపీ డిస్పాచర్ ని అదే పెట్టుకుంటుంది. మ్యాక్స్ షేర్డ్ సర్వర్స్ అనేది పై హద్దు. రద్దీ పెరిగితే డేటాబేస్ తనంతట తానే ఆ హద్దు దాకా కొత్తవాళ్లని దించుతుంది, తగ్గాక పంపించేస్తుంది.

చాలామంది మర్చిపోయేది సెషన్స్ పారామీటర్. మనం చెప్పకపోతే అది ప్రాసెసెస్ కి ఒకటిన్నర రెట్లు, ప్లస్ 22 అని లెక్క వేసుకుంటుంది. ప్రాసెసెస్ 500 ఉంటే సెషన్స్ 772. షేర్డ్ పెట్టి 2000 మందిని రానిద్దాం అనుకుని దీన్ని వదిలేస్తే 773వ వాడి దగ్గరే ఆగిపోతాం. దీన్ని ఆఖరి రాత్రి కాదు, నోటిఫికేషన్ ఇచ్చే ముందే చూసుకోవాలి.

క్లయింట్ వైపు, టీఎన్‌ఎస్‌నేమ్స్ ఫైల్ లో కనెక్ట్ డేటా అనే భాగం ఉంటుంది. అక్కడ సర్వర్ ఈక్వల్స్ షేర్డ్ అనో, సర్వర్ ఈక్వల్స్ డెడికేటెడ్ అనో రాస్తాం. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. మొత్తం డేటాబేస్ కి కలిపి ఏదో ఒకటే ఎంచుకోవాలని లేదు. ఒకే డేటాబేస్ కి రెండు పేర్లతో రెండు ఎంట్రీలు పెట్టుకుని, ఫారం నింపేవాళ్లని షేర్డ్ కి, రాత్రి నడిచే పెద్ద బ్యాచ్ పనిని డెడికేటెడ్ కి పంపొచ్చు. ఏమీ రాయకపోతే? ఆ సర్వీస్ కి డిస్పాచర్ ఉంటే షేర్డ్, లేకపోతే డెడికేటెడ్. డిస్పాచర్ లేని చోట షేర్డ్ కావాలని పట్టుబడితే ఓఆర్‌ఏ-12520 వస్తుంది. మీరడిగిన రకం సర్వర్ నా దగ్గర లేదు అని లిజనర్ చెప్పే మాట అది.

మీ లాప్‌టాప్ లో ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉంటే ఒక తమాషా చూడొచ్చు. మీరేం సెట్ చేయకపోయినా వీ డాలర్ డిస్పాచర్ లో డీ000, వీ డాలర్ షేర్డ్ సర్వర్ లో ఎస్000 కనిపిస్తాయి. అవి పేరు చివర ఎక్స్‌డీబీ అని ఉండే సర్వీస్ కోసం పెట్టినవి. మీ మామూలు కనెక్షన్ వాటి జోలికి పోదు. అందుకే అక్కడ షేర్డ్ సర్వర్స్ ఒక్కటే పెంచితే ఏ మార్పూ కనబడదు, డిస్పాచర్స్ కూడా మార్చాలి.

ఇక అసలు ప్రమాదం. ఇది అర్థమయ్యేదాకా షేర్డ్ జోలికి పోవద్దని నా సలహా.

ఒక సీట్ బుకింగ్ అనుకోండి. రవి ఒక సీటు ఎంచుకున్నాడు, ఆ వరస మీద అప్‌డేట్ జరిగింది, లాక్ పడింది. ఇంకా కమిట్ అవ్వలేదు, "కన్ఫర్మ్" నొక్కే ముందు వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తున్నాడు. ఈలోపు ఇంకో ఇరవై మంది అదే సీటు నొక్కారు. ఒక్కొక్కరి రిక్వెస్ట్ ని ఒక్కో షేర్డ్ సర్వర్ తీసుకుంది. లాక్ కోసం ఎదురు చూస్తూ ఇరవై సర్వర్లూ అలాగే నిలబడిపోయాయి. ఇప్పుడు రవి కన్ఫర్మ్ నొక్కాడు. ఆ కమిట్ వెళ్లి క్యూలో కూర్చుంది. దాన్ని తీసుకోవడానికి ఖాళీగా ఎవరున్నారు? ఎవ్వరూ లేరు. రవి కమిట్ అయితే గానీ సర్వర్లు ఖాళీ అవ్వవు, సర్వర్ ఖాళీ అయితే గానీ రవి కమిట్ అవ్వదు. సాంబారు బకెట్ ఒక పెద్దాయన పక్కన ఉండిపోయింది, ఆయన "తీసుకెళ్లండయ్యా" అంటున్నాడు, వడ్డించే కుర్రాళ్లంతా ఆ బకెట్ కోసమే ఎదురు చూస్తున్నారు, ఆయన మాట వినేవాడు లేడు.

మనం ఓఎస్ లో చదివిన డెడ్‌లాక్ లాగే ఉంది కదా? కానీ ఒరాకిల్ దీన్ని డెడ్‌లాక్ గా గుర్తించదు. ఎందుకంటే లాక్ ల మధ్య వలయం లేదు. రవి ఏ లాక్ కోసమూ ఆగలేదు, సర్వర్ కోసం ఆగాడు. డెడికేటెడ్ లో ఈ సమస్యే రాదు, రవి సర్వర్ రవి వెనకే ఉంటుంది కాబట్టి కమిట్ వెంటనే జరిగిపోతుంది. షేర్డ్ లో మ్యాక్స్ షేర్డ్ సర్వర్స్ కి కొంచెం జాగా వదిలి ఉంటే కొత్త సర్వర్ దిగి రవిని కాపాడుతుంది. మెమరీ మిగులుతుందని ఆ హద్దుని కూడా 20 దగ్గరే బిగించేస్తే, ఎవరో ఒకరు లోపలికెళ్లి ఒక సెషన్ ని చంపాలి.

ఆ చంపేవాళ్లు ఎలా లోపలికి వెళ్తారు? షేర్డ్ గా వెళ్తే వాళ్లూ అదే క్యూలో ఇరుక్కుంటారు. అందుకే అడ్మిన్ పనికి ఎప్పుడూ ఒక డెడికేటెడ్ దారి ఉంచుకోవాలి. డేటాబేస్ ఉన్న మెషీన్ మీదే కూర్చుని సిస్‌డీబీఏగా వెళ్తే లిజనర్ తో పనే లేదు, అది డెడికేటెడ్డే. డేటాబేస్ ని స్టార్ట్ చేయడం, ఆపడం డిస్పాచర్ ద్వారా కుదరవు కూడా, ఓఆర్‌ఏ-00106 అని తిట్టి పంపిస్తుంది. ఆర్‌మ్యాన్ బ్యాకప్ కి కూడా డెడికేటెడ్ కనెక్షనే కావాలి.

ఈ రోజుల్లో ఇదంతా ఎవరు వాడుతున్నారు అని సీనియర్లు అడగొచ్చు. నిజమే, జావా అప్లికేషన్లలో కనెక్షన్ పూల్ ఉంటుంది. కొన్ని డెడికేటెడ్ కనెక్షన్లు ముందే తెరిచి ఉంచి యూజర్లందరూ వాటినే వంతులవారీగా వాడుకుంటారు, పంచుకునే పని అప్లికేషన్ లోనే జరిగిపోతుంది. కొత్తగా కడుతున్న అప్లికేషన్ అయితే నేనూ అదే ఎంచుకుంటాను. పీహెచ్‌పీ లాంటి చోట్ల ప్రాసెస్ లు విడివిడిగా ఉండటంతో అందరికీ కలిపి ఒక పూల్ పెట్టడం కష్టం. అలాంటి వాటికోసం 11జీలో డీఆర్‌సీపీ అనే మూడో దారి తెచ్చారు, అక్కడ సర్వర్ ఈక్వల్స్ పూల్డ్ అని రాస్తాం. పోస్ట్‌గ్రెస్ వాళ్లది ఇప్పటికీ కనెక్షన్ కి ఒక ప్రాసెస్ పద్ధతే, మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100. అందుకే ముందు పీజీబౌన్సర్ పెట్టుకుంటారు. పేర్లు మారుతున్నాయి గానీ అన్ని చోట్లా వడ్డించేవాళ్లు ఎంతమంది అన్న లెక్కే నడుస్తోంది.

మీ మెషీన్ లో షేర్డ్ పెట్టాక పని చేస్తోందో లేదో చూడాలంటే వీ డాలర్ సెషన్ లో సర్వర్ అనే కాలమ్ చూడండి. నాలుగు విండోలు తెరిచి నాలుగూ షేర్డ్ గా కనెక్ట్ చేసి, ఒక దాంట్లోంచి ఆ క్వెరీ కొట్టండి. మీ వరసలో షేర్డ్ అని ఉంటుంది. మిగతా మూడిట్లో నన్ అని ఉంటుంది. ఖంగారు పడకండి, అవి తెగిపోలేదు. ఈ క్షణం వాళ్లేం అడగలేదు కాబట్టి వాళ్ల దగ్గర ఎవరూ లేరని అర్థం. వీ డాలర్ క్యూలో టైప్ కామన్ అని ఉన్న వరస చూసి, వెయిట్ ని టోటల్‌క్యూతో భాగిస్తే ఒక్కో రిక్వెస్ట్ సగటున ఎంతసేపు ఆగిందో సెకనులో వందో వంతుల్లో వస్తుంది. అది పెరుగుతూ పోతుంటే మనుషులు చాలడం లేదన్నమాట.

అంతా చూశాక వెనక్కి వెళ్లాలంటే షేర్డ్ సర్వర్స్ ని 0 చేయండి. కొత్తగా ఎవరినీ షేర్డ్ గా రానివ్వదు. కానీ అప్పటికే కూర్చున్నవాళ్లని లేపెయ్యదు, వాళ్లలో ఆఖరివాడు లేచేదాకా అంతకుముందు షేర్డ్ సర్వర్స్ కి ఇచ్చిన అంకె, మ్యాక్స్ షేర్డ్ సర్వర్స్ హద్దు, ఈ రెండిట్లో ఏది చిన్నదైతే అన్ని సర్వర్లని అట్టేపెట్టి ఉంచుతుంది.